బస్టర్ కీటన్ దుఃఖానికి తేదీ ఉంది

హాస్యనటుడు ఎవరైనా కన్నుమూస్తే మర్నాడు పత్రికలో ఏ శీర్షిక వస్తుందో పత్రిక తెరవకముందే చెప్పవచ్చు. నవ్వులు పంచినవాడు కన్నీళ్లు మిగిల్చాడని ఉంటుంది. లోపలి పేజీలో వ్యాసం కూడా మనకు తెలిసినదే. తెర మీద అందరినీ నవ్వించినవాడు ఇంట్లో ఒక్కనాడూ సుఖపడలేదనీ, ఆ బాధే ఆయన హాస్యానికి ఊట అనీ రాస్తారు. చదివి నిట్టూరుస్తాం, పేజీ తిప్పేస్తాం. ఈ మాట మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. బాధ లేదని నేను అనడం లేదు. ఆ బాధ ఎప్పుడు మొదలైందో, ఎవరు ఏం లాక్కుంటే మొదలైందో ఎవరూ అడగరు. నా కోపమంతా అందుకే.

మా పెద్ద మామయ్య విజయవాడలో ఒక అచ్చాఫీసులో కంపోజిటరుగా పనిచేసేవాడు. ఎడమచేతిలో స్టిక్కు పట్టుకుని, సీసపు అక్షరాల కేసు ముందు నిలబడి, కుడిచేత్తో అక్షరాలు ఏరి స్టిక్కులో పేర్చేవాడు. కేసు వంక చూసేవాడు కాదు. ఏ గడిలో ఏ ఒత్తు ఉందో వేళ్లకు తెలుసు. వేసవి సెలవుల్లో మేం వెళితే భోజన విరామంలో మా కోసం ఏదో ఒకటి పేర్చి, సిరా రాసి, ఒక కాగితం ముక్క మీద అద్ది ఇచ్చేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఇచ్చినది ఇప్పటికీ నోటికి వచ్చు. "మా మేనకోడలు నిన్న మధ్యాహ్నం గం. 3-00లకు ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టిన శుభసందర్భమున తామెల్లరు సకుటుంబ సపరివారంగా విచ్చేసి, ఆ చేతిని కడిగించ ప్రార్థన." పసుపు రంగు కాగితం, నాలుగు మూలలా అచ్చంగా శుభలేఖకు వేసే పూలబోర్డరు. ఆఫీసంతా చేతికి చేయి మార్చుకుంటూ చదివి పొట్ట పట్టుకుని నవ్వింది.

1994లో ఆ అచ్చాఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. సీసం మొత్తం తూకానికి అమ్మేశారు. అప్పుడు మామయ్యకు నలభై తొమ్మిదేళ్లు. నాలుగేళ్లు తాగాడు, పోయాడు. పదకొండో రోజున భోజనాల దగ్గర బంధువులంతా ఒకే మాట అన్నారు. "లోపల అంత బాధ ఉండబట్టే అంత నవ్వించాడు." నేనూ తలూపాను. ఆ తలూపినందుకే ఇవాళ ఇది రాస్తున్నాను. మామయ్య మమ్మల్ని నవ్వించినదంతా 1994కు ముందే. ఆ తర్వాత ఆయన ఒక్క హాస్యం మాట అనగా నేను వినలేదు.

ఈ లెక్క నాకు తట్టింది మామయ్యను తలుచుకుంటూ కాదు, చాలా ఏళ్ల తర్వాత బస్టర్ కీటన్ జీవితం చదువుతూ ఉండగా.

కీటన్ పేరు వినగానే గుర్తొచ్చేది ఆ ముఖం. చుట్టూ ఇళ్లు కూలుతున్నా, రైళ్లు మీదికి వస్తున్నా నవ్వని ముఖం. మూకీ చిత్రాల కాలంలో చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్‌లతో సమానంగా నిలిచినవాడు ఆయన. జీవితంలో విడాకులు, తాగుడు, ఆసుపత్రులు ఉన్నాయని తెలిసేసరికి జనం ఆ ముఖాన్నీ ఆ కష్టాలనూ ఒకదానికొకటి ముడివేశారు. అంత దుఃఖం ఉన్న మనిషి ఎలా నవ్వుతాడు అని. అసలు కారణం ఇంకొకటి. 1895లో కాన్సస్ రాష్ట్రంలో ఊరూరా తిరిగే నటుల ఇంట పుట్టిన కీటన్, ఊహ తెలిసేలోపే తల్లిదండ్రులతో వేదిక ఎక్కాడు. వాడవిల్ అనే ఆ వినోద ప్రదర్శనల్లో తండ్రి జో పిల్లవాణ్ని ఎత్తి వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు విసిరేవాడు. విసరడానికి వీలుగా చొక్కా వెనక పెట్టె పిడి ఒకటి కుట్టేవారు. పడి లేచిన పిల్లవాడు నవ్వితే ప్రేక్షకులు తక్కువ నవ్వారు. ఏమీ జరగనట్టు నిలబడితే హాలు దద్దరిల్లింది. అలా పట్టుకున్న పనితనం ఆ ముఖం. వడ్రంగికి వాలు తెలిసినట్టు ఆయనకు అది తెలుసు.

ఆ బాల్యం హింస కాదా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. అడగవలసినదే. న్యూయార్క్‌లో పిల్లల రక్షణ సంఘం వాళ్లు ఆ పిల్లవాడి ఒంటి మీద దెబ్బల కోసం వెతికారు కూడా. కీటన్ మాత్రం జీవితాంతం తనను ఎవరూ హింసించలేదనీ, ఎలా పడాలో తనకు తెలుసుననీ చెబుతూ వచ్చాడు. ఆ మాటను పూర్తిగా నమ్మడానికి నాకు మనసొప్పదు. తండ్రి తాగుబోతు. మత్తులో విసిరే చేతికి గురి ఉండదు. చివరికి 1917లో తల్లీ కొడుకూ కలిసి ఆయనను వదిలి వచ్చేశారు. గాయం లేదని నేను అనను. ఆ గాయం నవ్వును పుట్టించిందనే మాటను మాత్రం ఒప్పుకోను. నవ్వును పుట్టించినది వేల ప్రదర్శనల సాధన.

అదే ఏడాది న్యూయార్క్‌లో హాస్యనటుడు రోస్కో ఆర్బకల్ సినిమా తీస్తున్న చోటికి కీటన్ చూడడానికి వెళ్లాడు. కెమెరా అంటే ఏమిటో తెలుసుకోకుండా ఉండలేక ఒకదాన్ని అడిగి తీసుకుని గదికి పట్టుకెళ్లి, మరలు మరలుగా విప్పి మళ్లీ బిగించాడని చెబుతారు. వారానికి 250 డాలర్ల నాటకం ఒప్పందం అప్పటికే చేతిలో ఉంది. దాన్ని వదులుకుని వారానికి 40 డాలర్లకు సినిమాలో చేరాడు. ఈ రెండు అంకెలనూ గుర్తుంచుకోవాలి. మున్ముందు ఇంకో అంకె వస్తుంది.

1920 నుంచి నిర్మాత జోసెఫ్ షెంక్ నీడలో కీటన్‌కు సొంత స్టూడియో అమరింది. అక్కడ పని జరిగిన తీరు చదువుతుంటే నాకు ఆ అచ్చాఫీసు గుర్తొస్తుంది. పూర్తి స్క్రిప్టు ఉండేది కాదు. కథకు మొదలు దొరకాలి, ముగింపు దొరకాలి, మధ్యది దానంతట అదే వస్తుందన్నది ఆయన పద్ధతి. ఎక్కడైనా ఆలోచన చిక్కుబడితే అందరూ బేస్‌బాల్ ఆడేవాళ్లు. ఆట మధ్యలో ఎవరికో ఒకరికి తడుతుంది, బ్యాటు అక్కడే పడేసి కెమెరా దగ్గరికి పరుగు. ఎనిమిదేళ్లలో 19 చిన్న చిత్రాలు, పది పెద్ద చిత్రాలు అలాగే వచ్చాయి. 'షెర్లాక్ జూనియర్'లో రైలుకు నీళ్లు పట్టే గొట్టం నుంచి దూకిన నీటి ధాటికి ఆయన పట్టాల మీద పడ్డాడు. మెడ ఎముక విరిగింది. కొన్నాళ్లు తలనొప్పి బాధించింది, పని ఆపలేదు. ఏళ్ల తర్వాత వేరే పని మీద ఎక్స్‌రే తీసిన డాక్టరు చెప్పేదాకా తన మెడ విరిగి అతుక్కుందని ఆయనకే తెలియదు.

ఈ ఎనిమిదేళ్లలో ఆయన ఇల్లు సుఖంగా ఉందా? లేదు. ఈ మాట దాచి వాదించడం నాకిష్టం లేదు. 1921లో నటాలీ టాల్మడ్జ్‌ను పెళ్లాడాడు. ఆమె అక్క నార్మా పెద్ద తార, నార్మా భర్తే షెంక్. అంటే యజమానే తోడల్లుడు. 1924లో రెండో కొడుకు పుట్టిన తర్వాత భార్యాభర్తల గదులు వేరయ్యాయి. ఆమెను ఆశ్చర్యపరచాలని ముందుగా చెప్పకుండా ఒక ఇల్లు కట్టించాడు. చిన్నదని ఆమెకు నచ్చలేదు. అప్పుడు బెవర్లీ హిల్స్‌లో ఇటలీ పద్ధతిలో పెద్ద భవనం కట్టించాడు. ఆ పెద్ద ఇంట్లో తన కోసం ఆయన ఏర్పాటు చేసుకున్నది ఫిల్ము కత్తిరించి అతికే చిన్న గది. ఆ గదిని మీరు గుర్తుంచుకోవాలి.

కాబట్టి దుఃఖం ముందే ఉంది. అయినా అది ఆయనను పడగొట్టలేదు. పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు ఉన్నంత కాలం మనిషి ఇంట్లోని చలిని ఓర్చుకోగలడు. మా మామయ్య ఇంట్లోనూ ఎవరూ పూలపాన్పు పరచలేదు.

'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లోని దృశ్యం మీలో చాలామంది చూసే ఉంటారు. గాలివానలో కీటన్ ఒక ఇంటి ముందు నిలబడి ఉంటాడు. ఇంటి ముందుగోడ మొత్తం విరిగి ఆయన మీదికి పడుతుంది. పై అంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడిన చోటికి వస్తుంది. గోడ నేల మీద పడుతుంది, ఆయన నిలబడే ఉంటాడు. అది అట్టగోడ కాదు, రెండు టన్నుల బరువని చెబుతారు. తలకూ భుజాలకూ మడమలకూ మిగిలిన జాగా రెండేసి అంగుళాలు. నిలబడవలసిన చోట నేలలో ఒక మేకు దిగ్గొట్టారు. అంతే రక్ష. స్టూడియో మూసేస్తున్నట్టు షెంక్ కబురు చెప్పింది ఆ చిత్రం తీస్తున్నప్పుడే. ఆ రోజు తనకు మతి సరిగా లేదనీ, ఉంటే ఆ పని చేసేవాణ్ని కాననీ కీటన్ తర్వాత అన్నాడు.

విషాద కథ చెప్పేవాళ్లకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. చావుకు తెగించినవాడు కాబట్టే అంత గొప్ప దృశ్యం వచ్చిందంటారు. నేనూ కొన్నాళ్లు అదే నమ్మాను. తర్వాత వెనక్కి వెళ్లి పాత చిత్రాలు చూశాను. 1919లో ఆర్బకల్‌తో చేసిన ఒక చిన్న చిత్రంలో నాటకం సెట్టు గోడ ఒకటి ఆర్బకల్ మీద పడుతుంది, కిటికీ ఖాళీలో ఆయన మిగులుతాడు. 1920లో 'వన్ వీక్'లో ఇంటి గోడ కీటన్ మీదే పడుతుంది, మళ్లీ కిటికీయే. తర్వాత ఇది. ఒకే ఆలోచనను ఏళ్ల తరబడి దగ్గర పెట్టుకుని, బరువు పెంచుతూ, జాగా తగ్గిస్తూ వచ్చిన పని అది. ఆ రోజు ఆయన ప్రాణం మీద తీపి లేకుండా నిలబడి ఉండవచ్చు. రెండంగుళాల కొలత తీసినది మాత్రం దుఃఖం కాదు. కొలత తీసినవాడికి చేతులు వణకకూడదు.

ఇక ఆ మూడో అంకె. 1928లో షెంక్ సలహా మీద కీటన్ ఎంజీఎం అనే మహా సంస్థలో చేరాడు. చేరవద్దని చాప్లిన్, లాయిడ్ ఇద్దరూ చెప్పారు. వారానికి 3,000 డాలర్ల జీతం. తన జీవితంలో చేసిన అతి పెద్ద తప్పు అదేనని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. అక్కడ ప్రతి దృశ్యమూ ముందు కాగితం మీద ఉండాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి. ప్రమాదకరమైన విన్యాసాలు ఆయన చేయకూడదు. సొంత బృందం అడిగితే ఇవ్వలేదు. మొదటి చిత్రం 'ది కెమెరామన్'ను ఎలాగో పోట్లాడి తనదిగా చేసుకున్నాడు. తర్వాత ఆ పోట్లాటకూ చోటు లేకపోయింది.

టాకీలు వచ్చి ఆయనను ముంచేశాయని అందరూ రాస్తారు. వేదిక మీద పెరిగినవాడికి గొంతు అంటే భయమేమిటి? 1929లో 'స్పైట్ మ్యారేజ్'ను మాటలతో తీద్దామని అడిగినది ఆయనే, కాదన్నది సంస్థ. ఇంతకన్నా నన్ను కుదిపిన సంగతి ఒకటి ఉంది. ఆయన అసహ్యించుకున్న ఆ టాకీలు, సొంత స్టూడియోలో తీసిన కళాఖండాల కన్నా ఎక్కువ డబ్బు తెచ్చాయి. 1926 వేసవిలో ఓరెగాన్‌లో నిజమైన రైలింజన్‌ను మండుతున్న వంతెన మీద నుంచి నదిలోకి పడేసి తీసిన 'ది జనరల్' నష్టపోయింది. విమర్శకులూ మెచ్చలేదు. ఆ ఇంజను తుప్పు పట్టి ఏళ్ల తరబడి ఆ నదిలోనే పడి ఉంది. కొత్త టాకీలకు మాత్రం జనం వచ్చారు, సంస్థ లాభపడింది, జీతం వారం వారం అందింది. 'విజయం వెనక విషాదం' అని మనం అంటున్నది సరిగ్గా ఈ విజయాన్నే. బయటివాళ్ల లెక్కలో ఆయన బాగా గెలుస్తున్న రోజుల్లోనే ఆయన సీసా వదలలేకపోయాడు.

మిగిలినది తొందరగా చెబుతాను, దాని మీద ఇప్పటికే చాలామంది చాలా రాశారు. 1932లో విడాకులు. ఇల్లు పోయింది, కొడుకులు దూరమయ్యారు, వాళ్ల ఇంటి పేరును తల్లి టాల్మడ్జ్‌గా మార్పించింది. 1933 ఫిబ్రవరిలో ఎంజీఎం ఉద్యోగం తీసేసింది. ఆసుపత్రిలో కదలకుండా కట్టేసి ఉంచవలసి వచ్చింది. మత్తులోనే తనను చూసుకునే నర్సును పెళ్లాడాడు, అది మూడేళ్లు కూడా సవ్యంగా సాగలేదు.

ఇది 'కళాకారుడి అంతర్గత వేదన' అని నేను అనలేను. ఒక మనిషి చేతిలో పని ఉంది, దాన్ని ఫలానా ఏడు ఫలానా వాళ్లు తీసుకున్నారు, అతను కూలిపోయాడు. తాగడంలో అతని తప్పూ ఉంది. తండ్రి ఏమైపోయాడో కళ్లారా చూసినవాడు. అయినా 'నవ్వించేవాడి గుండెలో ఏడుపు' అనగానే తేదీలు చెరిగిపోతాయి. ఒప్పంద పత్రాలు చెరిగిపోతాయి, వాటి మీద సంతకాలు చేయించినవాళ్ల పేర్లు చెరిగిపోతాయి. దుఃఖం పుట్టుమచ్చలా అతని ఒంటి మీదే ఉందన్నట్టు మాట్లాడతాం. ఎవరూ ఏమీ చేయలేదు, ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. మా బంధువుల్లో ఒక్కరైనా ఆ నాలుగేళ్లలో మామయ్యకు ఏదైనా పని చూపించారా? నేను చూపించానా? పదకొండో రోజున ఆ మాట అనుకుంటే మా అందరికీ అన్నం సహించింది.

1957లో హాలీవుడ్ కీటన్ జీవితాన్నే సినిమాగా తీసింది. అందులో నిజం కన్నా కల్పన ఎక్కువ. ఆయన దుఃఖం అమ్ముడుపోయే సరుకని వాళ్లకు తెలుసు. కీటన్ ఆ హక్కుల కోసం ఇచ్చిన 50,000 డాలర్లు తీసుకుని వుడ్‌లాండ్ హిల్స్‌లో ఒక చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. నాకు ఆ పని ఎంతో నచ్చింది.

అప్పటికి ఆయన మళ్లీ మనిషయ్యాడు. ఎలా అయ్యాడన్నది ఆయన మీద రాసే వ్యాసాల్లో ఒక పేరాకు మించి ఉండదు, విషాదానికి దొరికినన్ని పేజీలు దానికి దొరకవు. తనను తీసేసిన ఆ సంస్థలోనే కొన్నేళ్లకు ఆయన మళ్లీ చేరాడు, వారానికి 100 డాలర్లకు. పక్కవాళ్ల సినిమాలకు హాస్య సన్నివేశాలు ఆలోచించి పెట్టడం పని. మూడు వేల నుంచి వందకు దిగడం మన కంటికి పతనం. కానీ ఒకప్పుడు 250 వదిలి 40కి వెళ్లినవాడికి వంద డాలర్లు ఎంతో మనం ఎలా చెప్పగలం? 1940లో ఎలినార్ నోరిస్ అనే నర్తకిని పెళ్లాడాడు. ఆయనకు నలభై నాలుగు, ఆమెకు ఇరవై ఒకటి. నిలబడదని అందరూ అన్నారు, ఆయన పోయేదాకా నిలబడింది. 1947లో పారిస్‌లోని మెడ్రానో సర్కస్ రింగులో మళ్లీ పడి లేచాడు. ఆ బెవర్లీ హిల్స్ భవనాన్ని తర్వాత నటుడు జేమ్స్ మేసన్ కొన్నాడు. అక్కడ మూసి ఉన్న ఫిల్ము గది తెరిస్తే కీటన్ పాత చిత్రాల రీళ్లు బయటపడ్డాయి. గుర్తుంచుకోమన్న గది అదే.

మామయ్య పోయాక ఆయన ట్రంకుపెట్టె తెరిచినప్పుడు మాకూ కొన్ని దొరికాయి. అన్నీ శుభలేఖలే. 1994 తర్వాత ఇంటికి వచ్చిన ప్రతి శుభలేఖా దాచాడు, దాదాపు రెండు వందలు. ప్రతిదాని మీదా పెన్సిలుతో దిద్దుబాట్లు. కంప్యూటరు జారవిడిచిన ఒత్తుల చుట్టూ సున్నాలు, విరగకూడని చోట విరిగిన మాటలను కలుపుతూ విల్లులాంటి గీతలు, అంచులో ప్రూఫు గుర్తులు. మా చిన్నక్క పెళ్లి శుభలేఖలో 'సుముహూర్తము' తప్పుపడింది. దాన్ని దిద్ది, పక్కనే చిన్నక్షరాలతో "మళ్లీ ప్రూఫు చూపించవలెను" అని రాసుకున్నాడు. ఆ పెళ్లికి వచ్చిన నాలుగు వందల మందిలో ఒక్కరూ ఆయనను ప్రూఫు చూడమని అడగలేదు.

కీటన్‌ను అడిగారు. 1964 శరదృతువులో కెనడా జాతీయ చలనచిత్ర సంస్థ 'ది రైల్‌రాడర్' అనే చిన్న చిత్రం తీసింది. పట్టాల మీద నడిచే చిన్న మోటారు బండి ఎక్కి ఒక మనిషి దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లడమే కథ. మాటలు లేవు. ఆ షూటింగు జరుగుతుండగా ఇంకో బృందం కీటన్ మీదే ఒక డాక్యుమెంటరీ తీసింది. అందులో అరవై తొమ్మిదేళ్ల మనిషి కనిపిస్తాడు. దగ్గు వస్తోంది. ఊపిరితిత్తుల క్యాన్సరుతో పదహారు నెలల్లో పోతాడు, ఆ సంగతి ఆయనకు తెలియదు. ఎత్తైన రైలు వంతెన మీద బండి వెళుతుండగా పెద్ద మ్యాపు విప్పి, గాలికి అది ఒంటికి చుట్టుకుని, దానితో కుస్తీ పడుతూ, కింద లోయ ఉందనే చూడకుండా వంతెన దాటేయాలని ఆయన ఆలోచన. ప్రమాదమని దర్శకుడు జెరాల్డ్ పాటర్టన్ వద్దన్నాడు. కీటన్ కోపంతో గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఎలినార్‌తో వాదిస్తాడు. ఎందుకు వద్దంటున్నారో ఆయనకు నిజంగా అర్థం కాదు. చివరికి దర్శకుడే తగ్గాడు.

ఆ దృశ్యం సినిమాలో ఉంది. బండి వంతెన మీదికి వస్తుంది, మ్యాపు విప్పుకుంటుంది, మనిషి కనిపించడు, కాగితం లోపల రెండు చేతులు పనిచేస్తూ ఉంటాయి.